కప్పతల్లికి వేరే గిన్నె

గుట్ట మీద వాన పడుతోందన్న కబురు వచ్చేసరికి స్వరూప టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

ఆ డబ్బా కట్టింది మొగుడు శ్రవణ్ కుమార్. రొట్టెలు ఆమె కాలుస్తుంది, ఉల్లిగడ్డ కారం అతను నూరుతాడు. పెళ్ళయిన రెండు నెలల్లో అతను నేర్చుకున్న వంట అదొక్కటే. అయితే ఆ కారాన్ని పైరొట్టె మీద గుండ్రంగా, బొట్టు పెట్టినట్టు పెట్టి పంపడం మాత్రం అతని సొంత తెలివి. స్వరూప రోజూ మధ్యాహ్నం మూత తీసి, బొట్టు ఇవాళ నడుమ కుదిరిందా, పక్కకు జరిగిందా అని చూసుకుని, ఒక్కతే నవ్వుకుని, అప్పుడు తింటుంది. ఆ రోజు మూత సగం లేచిందో లేదో, బల్ల మీది ఫోను గణగణమంది. తెర మీద అక్షరాలు పడ్డాయి: పైపల్లెలో వాన.

"వాన!" అని అరిచింది స్వరూప. వినడానికి గదిలో ఇంకెవరూ లేరు. అయినా అరిచింది.

అరవదా మరి. ఆషాఢం సగం గడిచిపోయింది. పైపల్లె చేలల్లో పత్తి గింజలు మట్టిలోనే మాడిపోతున్నాయి. గద్వాల నుంచి అమ్మ ఫోన్ చేసినా, వనపర్తిలో కలిసి డిగ్రీ చదివిన స్నేహితురాళ్ళు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే, మీ దిక్కు పడ్డదా అని. ఇప్పుడు పడింది. ఆ కబురు జిల్లా మొత్తంలో అందరికంటే ముందు తనకే తెలిసింది. అంత సంతోషం ఒక్కసారిగా వచ్చి మీద పడితే ఏం చేయాలో తోచక, స్వరూప డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

ఆమె ఉద్యోగమే అది. నల్లమల గుట్టల కింద, వాగుకు అడ్డంగా కట్టిన చిన్న కరెంటు ప్లాంటు. వాగు పైనున్న పీఠభూమి మీద పుడుతుంది. అక్కడే పైపల్లె ఉంది. పైన గట్టివాన పడితే, కింద ఎండ కాస్తున్నా సరే, కాసేపట్లో బండలను దొర్లించుకుంటూ ఎర్రనీళ్ళు దిగుతాయి. రెండేళ్ళ కింద అట్లాగే దిగాయి. అప్పుడు కబురు ఫోన్ల మీద నడిచేది. పైనుంచి ఒకరు కిందికి చేయాలి, కింద ఒకరు ఎత్తాలి. ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఒడ్డున స్నానం చేస్తున్న యోసేపు అనే కూలీ మీదికి మొద్దు వచ్చి తగిలి కాలు విరిగింది. ఇప్పటికీ అతను ఎగుడుదిగుడుగానే నడుస్తాడు.

ఆ తర్వాతే పైపల్లె పొలిమేరలో వర్షమాపకం పాతారు. నిలువెత్తు పచ్చరంగు ఇనుప స్తంభం, దాని మీద గరాటు, గరాటు కింద ఉయ్యాల లాంటి బుల్లి దోసిలి. దోసిలి నిండితే ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ లెక్క కిందికి చేరుతుంది. లెక్క ఎర్రగీత దాటితే సైరన్ దానంతటదే మోగుతుంది. ఊళ్ళో అందరూ దాన్ని వాన గిన్నె అంటారు. వాన గిన్నెను, సైరన్‌ను కనిపెట్టుకుని ఉండటం స్వరూప పని.

తెర మీది లెక్క ఎగబాకింది. ఎర్రగీత దాటింది. డాబా మీది సైరన్ కుయ్యిమంది.

బయట ఎండ ఉతికిన పంచెలా తెల్లగా మెరుస్తోంది. అయినా జనం కదిలారు. వాగు ఒడ్డున రేకుల షెడ్లలో ఉండే కూలీలు పిల్లల్ని చంకనేసుకుని వెనకనున్న దిబ్బ ఎక్కారు. వాళ్ళ మేస్త్రీ ఇస్రాయేలు, యోసేపుకు అన్న, గ్యాసు సిలిండరు భుజాన వేసుకుని ముందు నడిచాడు. అతని భార్య సరోజ సగం ఉడికిన అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. ప్లాంటు మేనేజరు గోవిందు సారు ఎర్రటి ఎండలో గొడుగు విప్పుకుని వచ్చి నిలబడ్డాడు. మర ఆపి, నీటి తలుపులు దించి, చేతులకు గ్రీజుతో శ్రవణ్ కుమార్ కూడా వచ్చాడు. అంతమందిలో పలకరించుకుంటే బాగుండదని మొగుడూ పెళ్ళాం చెరోవైపు చూస్తూ నవ్వుకున్నారు.

వాగు రాలేదు.

సరోజ చేతిలో అన్నం మెత్తగా ముద్దయింది. పిల్లలు ఏడుపందుకున్నారు. వాగులో నిన్నటి నీళ్ళే, అవీ చీలమండలు తడవనన్ని. అప్పుడు స్వరూప ఫోను మోగింది. పైపల్లె నుంచి అత్త తిమ్మమ్మ.

"మోగిందా బిడ్డా?" అంది తిమ్మమ్మ. గొంతులో సంబరం పొంగుతోంది.

"మోగింది అత్తమ్మా! వాన జోరుగుందా?"

"వాన యాడిది? మబ్బు సుత లేదు. కప్పతల్లి ఆడినం బిడ్డా!"

పైపల్లెలో వాన ముఖం చాటేస్తే ఆడవాళ్ళు కప్పను పట్టి, తడిబట్టలో వేపమండలతో కలిపి రోకలికి కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్ళు పోస్తుంది. అది స్వరూపకు తెలియనిదేం కాదు. గద్వాలలో తానూ చిన్నప్పుడు ఆ గుంపు వెంట తిరిగింది.

"కప్ప మీద పోసిన్రు, మంచిదే. గిన్నెల ఎందుకు పోసిన్రు అత్తమ్మా?"

"అయ్యో, నువ్వే చెప్తివి గద. పాల కేంద్రం కాడ అందర్ని కూసోబెట్టి చెప్పలే? ఈ గిన్నెల నీళ్ళు పడుడుతోటే కింది దాక తెలుస్తది, అందరు లేచి ఉరుకుతరు అని. నాకు అదే మనసుల వడ్డది. కప్ప మొత్తుకుంటే దేవునికి ఇనవడ్తదో లేదో తెల్వదు. ఆ గిన్నెల పోస్తే గుట్ట కింది దాక ఇనవడ్తదంటే, మీదికి ఇనవడకుంట ఉంటదా? మన వాడల ఆడోళ్ళమంతా తలా ఒక బిందె పోసినం. నేనైతే పెద్ద బిందె పోసిన."

దిబ్బ మీద అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. స్వరూప ఫోను చెవి నుంచి తీసి మెల్లగా చెప్పింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇస్రాయేలు సిలిండరు దించి, దాని మీదే కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు.

గోవిందు సారు నవ్వలేదు. గొడుగు ముడిచి, దాని కొనతో నేల మీద గీతలు గీస్తూ అన్నాడు.

"చూడమ్మా, మర ఆపితే పై ఆఫీసోళ్ళు నన్నడుగుతరు. కప్ప పెండ్లికి ఆపిన్నని చెప్పాల్నా? ఇయ్యాల్టి సంది అది దానంతటది మోగొద్దు. వైరు తీపిస్త. బటన్ నీ కాడుంటది. ఖాయం జేస్కొని నొక్కు. ఇంకొక్కపారి ఉత్తగ మోగిందనుకో, బటన్ గూడ తీపిచ్చి పాత లెక్కనే ఫోన్ల మీద నడిపిస్త."

పాత లెక్క అన్నమాట విని ఇస్రాయేలు నవ్వు ఆపాడు. యోసేపు కాలు ఎవరికి గుర్తున్నా లేకున్నా అతనికి గుర్తుంటుంది. స్వరూప తలూపింది. ఆమె ప్రాణమంతా ఆ కూత మీదే ఉంది. అది పోతే తన ఉద్యోగం పోతుందన్న సంగతి ఆమెకు రెండో ఆలోచనగా తట్టింది.

మామూలు రోజులైతే స్వరూప ఆ సాయంత్రమే పైపల్లె వెళ్ళి గిన్నె చుట్టూ కంచె కట్టించేది. కానీ ఆషాఢం. కొత్త కోడలు, అత్త ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. అసలు లెక్క ప్రకారం ఆమె నెలంతా గద్వాలలో పుట్టింట్లో ఉండాలి. ఉద్యోగం వదిలి వెళ్ళే వీలు లేక, పెద్దవాళ్ళు రాజీ కుదిర్చారు: కోడలు గుట్ట ఎక్కదు, అత్త గుట్ట దిగదు. మొగుడితో కలిసి ఉండటం గురించి ఎవరూ ఏమీ అడగలేదు, స్వరూప ఏమీ చెప్పలేదు. అత్తాకోడళ్ళ కాపురమంతా ఫోనులోనే సాగింది. తిమ్మమ్మ పప్పులో ఎంత చింతపండు వేయాలో చెప్పేది. స్వరూప గోరింటాకు ఎంత ఎర్రగా పండిందో చెప్పేది. ఎర్రగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువన్నమాట అని అత్త అంటే, కోడలు సిగ్గుపడి ఫోను పెట్టేసేది.

ఆ రాత్రి కోడలు మాట పడిందని శ్రవణ్ ద్వారా విని తిమ్మమ్మ వెంటనే ఫోన్ చేసింది.

"నా తోటి నీకు మాటొచ్చెనా బిడ్డా? ఇంక ఆ గిన్నె దిక్కు సుత చూడ. ఊరందరికి చెప్తున్న. చుక్క పోస్తే నా మీద ఒట్టు."

"ఒట్లొద్దులే అత్తమ్మా. వాన వస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి."

"వస్తే చెయ్యనా? ఫస్టు నీకే చేస్త. నా కొడుక్కు తర్వాత."

తర్వాతి వారం రోజులూ ప్లాంటులో వేరే ముచ్చట లేదు. సరోజ బోరు దగ్గర బిందె ఎత్తుకుంటూ స్వరూప కనబడితే ఆగేది. "మేడం, నీళ్ళు వంచుకుంటున్న. కూత పెట్టకు" అనేది. ఇస్రాయేలు ఇంకో అడుగు ముందుకు వేసేవాడు. "మా చిన్నోడు చెడ్డిల పోసిండు మేడం. గుట్టెక్కాల్నా, ఈడనే ఉండాల్నా?" అని దూరం నుంచి అరిచేవాడు. స్వరూప నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది. కానీ నవ్వులో ఒక చిక్కుందని ఆమెకు తెలుసు. ఈసారి సైరన్ మోగితే వీళ్ళు ఇట్లాగే నవ్వుతూ కూర్చుంటారు.

కంప్యూటరులో ఆ రోజు లెక్క గీతగా మిగిలి ఉంది. స్వరూప దాన్ని తీసి చూసింది. నిజం వాన గీత ఏటవాలుగా పాకుతుంది, నడుమ సన్నగిల్లినా తెగదు. ఈ గీత అట్లా లేదు. మెట్ల మాదిరి ఉంది. నిటారుగా ఒక మెట్టు, తర్వాత చదునుగా కాసేపు, మళ్ళీ ఒక మెట్టు. ఒక్కో మెట్టూ ఒక్కో బిందె. నడుమ చదును, పాట పాడుతూ ఇంకొకరు ముందుకు రావడానికి పట్టిన సేపు. ఆ రోజు సంతోషంలో లెక్క చూసిందే తప్ప గీత చూడలేదు.

సాయంత్రం శ్రవణ్‌కు చూపించింది. అతను కళ్ళు చిట్లించి చూసి, అన్నిటికంటే ఎత్తు మెట్టు మీద వేలు పెట్టాడు.

"ఇది మా అమ్మ."

"ఎట్ల తెలుసు?"

"ఊర్ల గంత బిందె ఎవరికుంది? అమ్మ పెండ్లికి వచ్చింది అది. నా పెండ్లి నీళ్ళు సుత దాంట్లనే కాగినయ్."

స్వరూపకు ఆ గీతను చూస్తే ఎక్కడలేని ముద్దొచ్చింది. దాన్ని ఫొటో తీసి ఫోన్లో దాచుకుంది. అత్తమ్మ పోసిన వాన అని పేరు పెట్టుకుంది.

అమావాస్య వచ్చింది. ఆషాఢం ఆఖరి రోజు. అమావాస్య నాడు ఏ మేస్త్రీ పనికి చేయి పెట్టడు కాబట్టి కూలీలందరూ షెడ్ల దగ్గరే ఉన్నారు. ఆడవాళ్ళు వాగులో బండల మీద దుప్పట్లు ఉతుకుతున్నారు. మడుగులో పిల్లలు గెంతుతున్నారు. ఇస్రాయేలు షెడ్డు ముందు నులకమంచం వేసుకుని, గడ్డం గీయించుకుంటున్నాడు. గోవిందు సారు మీటింగుకు నాగర్‌కర్నూల్ వెళ్ళాడు.

స్వరూప డబ్బా తెరిచింది. బొట్టు సరిగ్గా నడుమ ఉంది. సంతోషించేలోపే ఫోను గణగణమంది: పైపల్లెలో వాన.

ఈసారి ఆమె అరవలేదు. కిటికీలోంచి చూసింది. ఎండ. గుట్ట తల మాత్రం కనబడటం లేదు. అది మబ్బో, పొగో ఇక్కడినుంచి తేలదు.

అత్తకు ఫోన్ చేసింది. కలవలేదు. శ్రవణ్‌కు చేసింది. మర నడుస్తుంటే అతనికి ఫోను వినబడదు. గోవిందు సారుకు చేసింది. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మళ్ళ ఏంది? కప్ప మళ్ళ బయలెల్లిందా?"

"తెల్వదు సార్. పైకి ఫోన్ కలుస్తలేదు."

"ఎవర్నన్న బండి మీద పంపు. చూసొచ్చినంక నొక్కు."

"బండి గుట్టెక్కే లోపల వాగు కిందికి వస్తది సార్."

"అమ్మా, ఇంకొక్కపారి అయితే ఏమైతదో చెప్పిన గద. నీ ఇష్టం" అని ఆయన పెట్టేశాడు.

స్వరూప తెర వైపు చూసింది. లెక్క పెరుగుతోంది. ఎర్రగీత ఇంకా పైనే ఉంది. అత్త ఒట్టేసింది, నిజమే. కానీ ఊళ్ళో బిందెలన్నీ అత్తవి కావు. ఇవాళ అమావాస్య కూడా. ఇంకే వాడవాళ్ళో ఇంకే కప్పనో కట్టి ఉండొచ్చు. ఆమె ఫోన్లో దాచుకున్న ఫొటో తీసి, కంప్యూటరు తెర పక్కన ఆనించి పెట్టింది. ఫొటోలో మెట్లు. తెర మీద మెట్లు లేవు. గీత తెగకుండా, ఆగి ఊపిరి పీల్చకుండా, ఏటవాలుగా ఎగబాకుతూ ఉంది. ఏ ఆడకూతురూ ఇంతసేపు బిందె వంచి పట్టుకోలేదు.

స్వరూప గోరింటాకు చేత్తో బటన్ నొక్కింది. సైరన్ గుట్టలన్నీ మారుమోగేలా కూసింది.

డాబా మీదికి పరుగెత్తుకెళ్ళి చూసింది. వాగులో ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. మళ్ళీ దుప్పటి ఎత్తి బండకేసి బాదారు. పిల్లలు సైరన్‌తో పోటీపడి కూశారు. ఇస్రాయేలు సగం గీసిన గడ్డంతో మంచం మీదే ఉన్నాడు.

స్వరూప సైరన్ పక్కనే ఉన్న మైకు అందుకుంది. "ఇస్రాయేలన్నా! సరోజక్కా! ఇది నిజం వాన! పిల్లల్ని తీస్కొని దిబ్బ ఎక్కుండ్రి!"

ఇస్రాయేలు నురుగు అంటిన నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచాడు. "మేడం! మీ అత్తమ్మకు చెప్పుండ్రి, జర బిందె దాసిపెట్టుకొమ్మని! అమాస పూట మమ్మల్ని పరేషాన్ చెయ్యొద్దని!"

షెడ్ల నిండా నవ్వులు. సరోజ నవ్వుతూనే గుట్ట వైపు ఒకసారి చూసి, చేతిలోని దుప్పటి పిండింది. నమ్మించడానికి, ఒప్పించడానికి ఇంకేం మాటలున్నాయో స్వరూపకు తోచలేదు. బతిమాలితే నవ్వుతారు, బెదిరిస్తే ఇంకా నవ్వుతారు. ఆమె చెప్పే ఏ మాటకైనా ముందు కప్ప అడ్డం వస్తోంది.

అప్పుడు ఆమె చేతిలో ఫోను మోగింది. అత్తమ్మ.

"బిడ్డా! మేం కాదు! ఈసారి మేం కాదు!" తిమ్మమ్మ గొంతు పగిలేలా అరుస్తోంది. వెనక ఏదో హోరు. "నీకు మాటొస్తదని పాల కేంద్రం కాడికి ఉరికొచ్చి చేస్తున్న. ఈడనే జర సిగ్నల్ ఉంది. మేం చుక్క పొయ్యలే!"

స్వరూప ఇంకేం అడగలేదు. ఫోన్లో గొంతు పెద్దది చేసి మైకుకు ఆనించింది. "అత్తమ్మా, ఆ మాట ఇస్రాయేలన్నకు చెప్పు. కిందోళ్ళకు అందరికి ఇనవడ్తది. చెప్పు."

ఒక్క క్షణం హోరు మాత్రమే వినిపించింది. పాల కేంద్రం రేకుల మీద వాన. డాబా మీది పెద్ద మైకులోంచి ఆ చప్పుడు వాగంతా పరుచుకుంది. వేల గులకరాళ్ళు ఒక్కసారి గుమ్మరించినట్టు, ఆగకుండా. నెలల తరబడి ఆ చెవులు మరిచిపోయిన చప్పుడు. బండల దగ్గర బాదుడు ఆగింది.

"ఓ ఇస్రాయేలూ!" అంది తిమ్మమ్మ గొంతు ఆకాశం నుంచి. "ఇంటున్నవా బిడ్డా? నేను తిమ్మమ్మను. నీకు మజ్జిగ పోసేదాన్ని. మొన్న పోసింది మేమే. లేదంటలేను. ఇయ్యాల మేం పోస్తలేం రా నాయనా, మీదోడు పోస్తుండు! నెత్తి మీద గోనెసంచి కప్పుకొని మాట్లాడుతున్న. మా కల్లం కొట్టుకపోయింది. నా కోడలు మాట ఇను. నీ తమ్ముని కాలు మర్సినవా? లెవ్వు!"

ఇస్రాయేలు లేచాడు. మెడలో తుండుతో, సగం గడ్డంతో వాగులోకి ఉరికి, అందిన పిల్లల్ని అందినట్టు రెక్క పట్టి లాగి ఒడ్డెక్కించాడు. "నడువుండ్రి! దుప్పట్లు ఇడిసిపెట్టుండ్రి! ఏ సరోజా, ఏం జూస్తున్నవ్? నడువు!" ఆడవాళ్ళు తడి చీరలు ఎగ్గట్టి దిబ్బ వైపు పరుగు తీశారు. మర చప్పుడు తగ్గి, ఆగిపోయింది. సైరన్ మర పక్కనున్న అద్దాల గదిలో శ్రవణ్ వరకూ చేరిందన్నమాట. నీటి తలుపులు దిగుతున్న గరగర వినబడింది.

స్వరూపతో సహా అందరూ దిబ్బ ఎక్కి తలలు లెక్కపెట్టుకునే లోపు వాగు వచ్చింది. నీళ్ళ కంటే ముందు గాలి వచ్చింది, తడి మట్టి వాసనతో. తర్వాత ఎర్రటి గోడ. ఉతుకుడు బండలు కనబడకుండా పోయాయి. ముందు దుప్పట్లు, తర్వాత ఒక షెడ్డు రేకు, చివరికి ఇస్రాయేలు నులకమంచం తిరగబడి, నాలుగు కోళ్ళూ పైకెత్తుకుని, వయ్యారంగా తిరుగుతూ వెళ్ళిపోయింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఇస్రాయేలే నవ్వాడు.

"నేను దాని మీద గూసోని గడ్డం గీయించుకుంటనే పోతుంటి" అన్నాడు. చిన్నోణ్ణి దగ్గరికి లాక్కున్నాడు.

సరోజ స్వరూప దగ్గరికి వచ్చి నిలబడింది. జారిన ఆమె కొంగు సర్ది భుజాన వేసింది, అంతే.

వాన చినుకులు దిబ్బ మీదికి కూడా దిగాయి. శ్రవణ్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. ఈసారి చెరోవైపు చూడలేదు. నలుగురిలోనూ పెళ్ళాం చేయి పట్టుకుని, అరచేయి తిప్పి చూశాడు.

"బటన్ మీద గోరింటాకు అంటిందంట" అన్నాడు.

"పండిన గోరింటాకు అంటుతదా? ఏం ఇంజనీరువు నువ్వు" అంది స్వరూప.

సాయంత్రానికి వాగు నెమ్మదించింది. ఘాటు రోడ్డు మీద బండలు పడి గోవిందు సారు జీపు అవతలే ఆగిపోయింది. ఆయన అక్కడినుంచే ఫోన్ చేశాడు. అందరూ ఉన్నారా అని రెండుసార్లు అడిగి, వైరు ఎప్పుడు మళ్ళీ తగిలించాలో అడిగాడు.

"రేపే తగిలించాలె సార్. కాని ఊరికే తగిలిస్తే లాభం లేదు. వాన మళ్ళ మొఖం చాటేస్తది, ఆడోళ్ళు మళ్ళ కప్పను కడ్తరు. వద్దంటే ఎవరు ఇంటరు? స్టోరుల ఒక పాత గిన్నె ఉంది కద, దోసిలి విరిగింది. అది గూడ ఇయ్యుండ్రి."

"విరిగిన దానితోటి ఏం జేస్తవ్?"

"అసలు దాని పక్కనే పాతుత సార్. తీగ ఉండదు, ఏమి ఉండదు. ఎన్ని బిందెలు పోసుకున్నా కిందికి తెల్వదు. కప్పతల్లికి వేరే గిన్నె. అసలు దానికి కంచె కడ్త."

"తీస్కపో" అన్నాడు గోవిందు సారు. "దానికి గూడ జర పచ్చ రంగు వెయ్యి. ఒక్కతీరుగ ఉండాలె, లేకపోతే అలుగుతరు."

ఆ సంగతి చెబుదామని స్వరూప శ్రవణ్‌తో డాబా ఎక్కి, అతనికీ వినబడేలా గొంతు పెద్దది చేసి అత్తకు ఫోన్ చేసింది. తిమ్మమ్మ ఇంకా పాల కేంద్రం దగ్గరే ఉంది. ఊరి ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నట్టున్నారు, వెనక సందడి.

"కప్పను ఇడిసినం బిడ్డా. చెలకల నీళ్ళు నిలవడ్డయ్, దాంట్ల ఇడిసినం. ఎగురుకుంట పోయింది. నీకు వేరే గిన్నె ఇస్తున్రా? మంచిదాయె. అది అసలు దానికంటె జర ఎత్తుండాలె చూడు. ఇగ ఇను. పొద్దు గూకింది. ఆషాఢం అయిపోయినట్టే. రేపు శ్రావణం. నువ్వు గుట్టెక్కాలె."

"ఎక్కుత అత్తమ్మా."

"పెండ్లికి పెట్టిన గద్వాల చీర కట్టుకొని రా. నా కొడుకును లీవు పెట్టమను. ఆ ఉల్లిగడ్డ కారం తిని తిని ఎట్లున్నవో ఏమో, నెల సంది మొఖం చూడకపోతి. నెయ్యి కాస్త, పూర్ణం పెట్టి బచ్చాలు చేస్త. అవునుగని బిడ్డా, ఇంకేమన్న విశేషముందా? నాకు చెప్పు, ఎవరికి చెప్ప."

దిబ్బ మీద పెద్ద నవ్వు లేచింది. స్వరూప ఉలిక్కిపడి చూసింది. మధ్యాహ్నం హడావిడిలో మైకు ఆపడం మరిచింది. అత్త గొంతు మళ్ళీ వాగంతా మోగుతోంది. ఆమె ముఖం గోరింటాకు కంటే ఎర్రనైంది. శ్రవణ్ అయితే ఎటో చూస్తూ పక్కకు తప్పుకున్నాడు. ఆమె మైకు వైపు పరుగెత్తింది గానీ, నవ్వుతూ డాబా ఎక్కి వచ్చిన ఇస్రాయేలు చేయి అడ్డం పెట్టి, తనే మైకు ముందుకు వంగాడు. రెండో చెంప గడ్డం ఇంకా అట్లాగే ఉంది.

"తిమ్మమ్మా! నేను ఇస్రాయేలును. మాకు బచ్చాలు లేవా?"

"నీకు లేకపోతే ఎట్ల రా? మంచం సుత పాయె నీది. అందరు రాండ్రి. సరోజను తీస్కరా. యోసేపుకు ఫోన్ చెయ్యి, తిమ్మాజిపేటల ఉన్నడంటివి గద, వాన్ని గూడ రమ్మను. కని ఉత్త చేతులతోటి రావద్దు. సిమెంటు సంచి, ఇసుక తే. రోడ్డు మీద బండలు తీస్కుంట రాండ్రి, సారు జీపు గూడ వస్తది. రేపు పొద్దుగాల్నే గిన్నె పాతుతం. మొదటి బిందె నా కోడలు పోస్తది, పెద్దది."